మూడో ట్రేలో బన్ను

పోయినవారం మన రొట్టెల మేస్త్రిని మందుల షాపు మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. చేతిలో ఇసబ్గోల్ పొట్లం, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. మేస్త్రి భార్య సిటీ బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో బండికి గీత పడనివ్వని మనిషి. ఒంట్లో చక్కెర పెరిగిందని డిపో డాక్టరు పది వారాల గడువు పెట్టాడు. గడువు చివర రక్తపరీక్షలో అంకె దిగితే స్టీరింగు ఉంటుంది, దిగకపోతే డిపో వెనక గదిలో టికెట్ల కట్టలు సర్దే కుర్చీ దక్కుతుంది. ఆ పరీక్షకు ఇంకా నాలుగు రోజులున్నాయి. ఇంతలో మందుల షాపావిడ నవ్వుతూ ఒక మాట అనేసింది. "మీ ఆవిడ సోమవారమే ఇంకో స్ట్రిప్పు పట్టుకెళ్ళింది కదా మేస్త్రీ. నెలకిచ్చిన మందు ఇరవై రోజులకే అయిపోయిందేంటి?"

ఆ మాట చెవిన పడ్డాక మేస్త్రి మెట్టు దిగలేదు, పైకి ఎక్కనూలేదు. షాపావిడ గాజుబల్ల మీదుగా వంగి చూసింది.

"అలా నిలబడిపోయారేంటి? డాక్టరుగారు డోసు పెంచారని చెప్పింది. చీటీ తర్వాత తెచ్చిస్తానంది. తెలిసిన మనిషే కదా అని ఇచ్చేశాను." ఆవిడ గొంతు తగ్గింది. "పెంచారు కదా?"

"పెంచలేదమ్మా."

షాపావిడ చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టేసింది. "ఆ మాత్రతో ఆటలు కాదు మేస్త్రీ. మనం తిన్నామా లేదా అని అది చూడదు. దాని పని అది చేసుకుపోతుంది, చక్కెరను కిందికి లాగుతూనే ఉంటుంది. కడుపులో అన్నమో రొట్టో ఉంటే సరే. లేకపోతే కళ్ళు తిరుగుతాయి, చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. మనిషి కూర్చున్నచోటే పడిపోవచ్చు. పొద్దున్నే రొట్టె ముక్క ఏదైనా తినే బయల్దేరుతోందిగా?"

తింటోందని చెప్పాలో తినడం లేదని చెప్పాలో మేస్త్రికే తెలియలేదు. ఆ సంగతి చెప్పాలంటే తొమ్మిది వారాల రామాయణం విప్పాలి. అది ఆవిడకు చెప్పే తీరిక లేదు కాబట్టి మీకు చెబుతాను.

డాక్టరు గడువు పెట్టిన రోజునే మేస్త్రి ఒక శపథం పట్టాడు. ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ మైదా తినిపించి బతికినవాడు, తన వంటింట్లోకి మైదాను రానివ్వడం మానేశాడు. అన్నం బదులు కాలీఫ్లవరును తురిమి ఆవిరి పట్టి గిన్నెలో పెట్టాడు. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది అన్నం కాదండీ, చచ్చిపోయిన అన్నం దయ్యమై వచ్చింది" అంది. నూడుల్స్ అడిగితే క్యాబేజీని దారాల్లా తరిగి వేయించాడు. బంగాళాదుంప ముక్కల బదులు ముల్లంగి ముక్కలకు కారం పట్టించాడు. వాటిని చూసి, "వేషం బాగానే కట్టింది, కంపే దాగలేదు" అంది. తిట్టుకుంటూనే అన్నీ తింది. ఆ మార్పులన్నీ డాక్టరుకు తెలుసు. తిండిలో ఇంకే మార్పు చేసినా నాకు ముందు చెప్పాలి, మాత్ర తగ్గించాల్సి వస్తుంది అని ఆయన వేలు చూపించి మరీ చెప్పాడు.

మేస్త్రి చెప్పని మార్పు ఒక్కటే ఉంది.

వాళ్ళ ఇల్లు మేడ మీద, బేకరీ కింద. డ్యూటీకి వెళ్ళాలంటే ఆవిడ బట్టీ గదిలోంచే నడవాలి. బట్టీ పక్కన చల్లారబెట్టిన ట్రేలు అరల్లో ఉంటాయి. ట్రేకు ఇరవై నాలుగు బన్నులు. గడువు మొదలైన రెండో వారంలో, మూడో ట్రేలో గోడవైపు మూల బన్ను రోజూ మాయమవుతోందని మేస్త్రి కనిపెట్టాడు. ఎవరు తీస్తున్నారో వెతకాల్సిన పని లేదు. ఆవిడకు బాగా కాలిన మూల బన్నంటే పెళ్ళయిన కొత్తలోంచీ ప్రాణం. అడిగితే ఆవిడ తల దించుకోవాలి. ఆవిడ తల దించుకోవడం చూడలేక ఆయన అడగలేదు. ట్రేలకు తాళం వెయ్యడానికీ మనసొప్పలేదు.

అందుకని పనివాడు పనివాడి దారిలోనే పోయాడు. మైదా ముద్దను చన్నీళ్ళ కింద పెట్టి, పాలలాంటి నీళ్ళన్నీ పోయి తేట నీళ్ళు వచ్చేదాకా పిసికి కడిగాడు. పిండంతా పోయి చేతిలో సాగే జిగురు మిగిలింది. దానికి బాదం పొడి, అవిసె గింజల పొడి, తెల్లసొన, ఇసబ్గోల్ కలిపాడు. మొదటిసారి వచ్చింది తలకు తగిలితే బొప్పి కట్టేలా ఉంది. తర్వాతిది స్పాంజి. ఆ తర్వాతది కోడిగుడ్డు వాసన. వారాల తరబడి పడిన పాట్లకు ఎనిమిది రోజుల కిందట ఫలితం దక్కింది. అదే రంగు, అదే మెత్తదనం, పైన తను పెట్టే అవే మూడు కత్తిగాట్లు. దాన్ని మూడో ట్రే మూలలో పెట్టి బట్టీ వెనక నక్కాడు. ఆవిడ వచ్చింది, అటూ ఇటూ చూసింది, తీసి కొరికింది, కళ్ళు మూసుకుంది. దొరకని దొంగను దొంగే పట్టుకున్నట్టు మేస్త్రి పొంగిపోయాడు. అంత గొప్ప పనితనం ఎవరికీ చెప్పుకోలేకపోతున్నానే అని ఆ రోజంతా ఒక్కడే నవ్వుకున్నాడు.

ఇప్పుడా నవ్వు ఎగిరిపోయింది. బన్ను తిన్నాననే భయంతో ఆవిడ రెండో మాత్ర వేసుకుంటోంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇక్కడ ఎనిమిది రోజులుగా అడుసే లేదు. ఆవిడ మాత్రం రోజూ కాలు కడుగుతూనే ఉంది.

మేస్త్రి గడియారం చూశాడు. పదకొండు దాటి పది నిమిషాలు. ఆవిడ రెండో ట్రిప్పులో ఉంటుంది. బండి నడిపేటప్పుడు ఫోను సంచిలోంచి తియ్యదు. అందుకని కండక్టరుకు చేశాడు. కండక్టరు ఆవిడతో పద్నాలుగేళ్ళుగా ఒకే బండిలో తిరుగుతున్న మనిషి. విజిలు జేబులోనే ఉన్నా నాలుగు వేళ్ళు నోట్లో పెట్టి ఊదడం అలవాటు కాబట్టి అందరూ విజిలమ్మ అంటారు.

"బావగారూ, నేనే చేద్దామనుకుంటున్నా," అంది విజిలమ్మ. వెనక బస్సు రొద వినిపిస్తోంది. "అక్క ఇవాళ అదోలా ఉంది. గేరు వెయ్యబోయి రెండుసార్లు వెతుక్కుంది. చొక్కా తడిసిపోయింది. మెల్లగా ఎక్కుతున్న పెద్దాయన్ని పట్టుకుని కసిరేసింది, ఎప్పుడైనా అలా అంటుందా?"

"నేనిచ్చిన గుడ్డట్టు తిందా?"

"నాకిచ్చేసింది బావగారూ. పరీక్ష దాకా కడుపు మాడ్చుకుంటానంది. వద్దన్నాను, వినలేదు."

"బండి ఆపించు."

"ఫ్లైఓవరు దిగుతున్నాం, ఆపే చోటు లేదు. మీ వీధి స్టాపే మొదటిది. నాలుగు నిమిషాలు."

మేస్త్రి పరిగెత్తాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, బట్టీ ముందు తప్ప ఎక్కడా చెమట పట్టి ఎరగనివాడు, ఏప్రాను కాళ్ళకు అడ్డం పడుతుంటే వీధంతా తనవైపే చూస్తున్నా లెక్కచెయ్యకుండా పరిగెత్తాడు. బేకరీలో దూరి చక్కెర కోసం చూశాడు. కరిగించే టైము లేదు. స్వీటు బన్నుల మీద పూసే పాకం సీసాలో ఉంది, అందులో కుంచె కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు పట్టుకుని స్టాపుకు వచ్చిపడ్డాడు. తొమ్మిది వారాలుగా చక్కెర పలుకు ఆవిడ దరిదాపులకు రానివ్వకుండా కాపలా కాసినవాడు, సీసాడు పాకంతో నడివీధిలో ఆవిడ కోసం ఎదురుచూశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు.

మలుపులో బస్సు కనిపించింది. మామూలుగా ఆవిడ బండి ఆపితే ముందు తలుపు సరిగ్గా స్టాపు స్తంభం దగ్గరకే వస్తుంది. అది ఆవిడ గొప్ప. ఇవాళ బస్సు స్తంభాన్ని దాటిపోతోంది. అద్దంలోంచి ఆవిడ ముఖం ఒక్కసారి కనబడింది, కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి గానీ రోడ్డును చూడటం లేదు. అప్పుడు బస్సులోంచి విజిలు మోగింది. వేళ్ళు నోట్లో పెట్టి ఊదిన పొడవాటి విజిలు. పద్నాలుగేళ్ళుగా ఆ చప్పుడుకు ఆగిన కాళ్ళు, ఆవిడ మనసు ఎక్కడున్నా, తమ పని తాము చేశాయి. బ్రేకు పడింది, హ్యాండ్‌బ్రేకు లాగిన చప్పుడైంది, ఇంజను ఆగిపోయింది. బస్సు వంకరగా, సగం రోడ్డు మీద నిలబడింది.

మేస్త్రి లోపలికి ఎక్కేసరికి ఆవిడ రెండు చేతులతో స్టీరింగును పట్టుకుని ఉంది. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా ఉంది.

"మీరెందుకొచ్చారు?" అంది. మాట ముద్దగా వచ్చింది. "దిగండి. టైమవుతోంది."

"ఇది తాగు. తాగితే దిగిపోతా."

ఆవిడ సీసా వైపు చూసింది. ఏమిటో అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక ముఖం గట్టిపడింది. "పాకమా? నాలుగు రోజుల్లో పరీక్ష పెట్టుకుని పాకం తాగమంటారా?"

"నీకు చక్కెర పడిపోయింది. చేతులు చూసుకో, వణుకుతున్నాయి."

"నాకు తెలుసు మీ సంగతి. నేను బండి దిగాలి, మీ గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి. మొదట్నుంచీ మీకదే కోరిక." ఆవిడ పళ్ళు బిగించింది. "నేను తాగను."

ఒకప్పుడు, చాలా ఏళ్ళ కిందట, ఒక చెడ్డరోజున మేస్త్రి ఆ మాట అన్నాడు. మర్నాడే వెనక్కి తీసుకున్నాడు. అది ఇంకా ఆవిడ లోపల ఉందని ఇప్పుడే తెలిసింది. బాధపడే తీరిక కూడా లేదు. వెనక సీట్లలోంచి ఎవరో టైమవుతోందన్నారు, ఇంకెవరో నోరు మూసుకోమన్నారు. ముప్పై మంది ముందు ఇంటి గుట్టు విప్పడం తప్ప దారి కనబడలేదు.

"మూడో ట్రే," అన్నాడు మేస్త్రి. "గోడవైపు మూల."

ఆవిడ కళ్ళు మొదటిసారి ఆయన ముఖం మీద నిలిచాయి.

"నువ్వు రోజూ తీసుకుంటున్నావని నాకు తెలుసు. ఏడు వారాలుగా తెలుసు. ఎనిమిది రోజుల్నుంచి అక్కడున్నది బన్ను కాదు. నేనే చేశాను. అందులో మైదా లేదు, పిండే లేదు, అంతా కడిగేశాను. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. మాత్ర రెండుసార్లు వేసుకున్నావు, తిన్నది మాత్రం ఏమీ లేదు."

"అబద్ధం." ఆవిడ గొంతు పిల్లదానిలా సన్నబడింది. "ముప్పై ఏళ్ళుగా మీ బన్ను తింటున్నా. నా నోటికి తెలియదా?"

"తెలియకుండా చేశాను. నా బుద్ధి గడ్డితిని, నీకు తెలియనంత బాగా చేశాను."

ఆవిడ ఏదో అనబోయింది, మాట రాలేదు. తల పక్కకు వాలిపోతోంది. విజిలమ్మ వెనకనుంచి భుజాలు పట్టుకుంది. బలవంతంగా పోస్తే పాకం ఊపిరిగొట్టంలోకి పోతుందని ఆమె అరిచింది. మేస్త్రికి ఇంకేమీ తోచలేదు, చేతికి తెలిసిన పనే చేశాడు. కుంచె పాకంలో ముంచి, బన్నుల మీద పూసినట్టే ఆవిడ పెదాల మీద పూశాడు. ఆవిడ పెదాలు నాక్కుంది. మళ్ళీ పూశాడు. చిగుళ్ళకూ, బుగ్గ లోపలకూ రాశాడు. అయిదో పూతకు ఆవిడ కుంచె పక్కకు తోసి, సీసాను తనే పట్టుకుని గుటకలు వేసింది.

ఎక్కడో వెనకనుంచి ఇంకో బస్సు వచ్చింది. విజిలమ్మ జనాన్ని అందులోకి ఎక్కించింది. ఆవిడ కసిరిన పెద్దాయన దిగుతూ దిగుతూ, "జాగ్రత్త తల్లీ" అని ఒక మాట అనేసి పోయాడు. ఖాళీ బస్సులో ముగ్గురే మిగిలారు. పది నిమిషాలకు ఆవిడ ముఖంలోకి రంగు వచ్చింది. చేతుల వణుకు తగ్గింది. సీసా ఒళ్ళో పెట్టుకుని అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది.

"ఏడు వారాలుగా తెలుసా?" అంది.

"తెలుసు."

"ఒక్కమాట అడగొచ్చుగా."

"నువ్వొక్కమాట చెప్పొచ్చుగా."

దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరూ ఇన్నాళ్ళూ ఒకే కప్పు కింద నోరు మూసుకుని తిరిగారు. ఆవిడ సంచిలోంచి కాగితం చుట్టిన సగం బన్ను తీసింది. తుంచి నోట్లో వేసుకుని, ఈసారి పరీక్షగా నమిలింది. "అవిసె గింజలు," అంది చివరికి. "చెప్పాక తెలుస్తోంది." నవ్వబోయింది, ఏడుపు వచ్చింది. "మీ ముందు దొంగనయ్యానే అని రోజూ చచ్చిపోయేదాన్నండీ. తిన్న పాపం అంకెలో కనపడకూడదని ఆ మాత్ర మింగేదాన్ని. ఎంత తిన్నానో అంత మింగితే సరిపోతుందనుకున్నా."

"నేను డాక్టరుకు చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే నీకు తెలిసిపోతుందని ఆగాను. నా పనితనం చూసుకుని మురిసిపోయాను." మేస్త్రి బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. ఏప్రాను అంచుతో కళ్ళు తుడుచుకుంటే మైదా అంటి ముఖం తెల్లబడింది. "నిన్ను కాపాడుతున్నాననుకుంటూ చంపబోయాను."

విజిలమ్మ ట్రిప్పు షీటు ఒళ్ళో పెట్టుకుని పెన్ను మూత తీసింది. దారిలో బండి పది నిమిషాలకు మించి ఆగితే కారణం రాయాలి. షీటులో రెండే గళ్ళు ఉంటాయి. ఒకటి బండి లోపానికి, రెండోది డ్రైవరు అస్వస్థతకు. రెండో గడిలో గీత పడిందంటే పరీక్ష దాకా ఆగరు, ఆ సాయంత్రమే స్టీరింగు మీదనుంచి దించేస్తారు. అంకె ఎక్కువైనవాళ్ళకు గడువు ఇస్తారు గానీ, స్టీరింగు ముందు కళ్ళు తిరిగినవాళ్ళకు ఇవ్వరు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"బ్రేకులో గాలి తగ్గిందని రాసేస్తున్నా అక్కా," అంది విజిలమ్మ తల ఎత్తకుండా. "పాత బండి. ఎవరూ అడగరు."

మేస్త్రి ఆశగా తల ఊపాడు. "అవునవును. ఇవాళ్టినుంచి మాత్ర ఒకటే. పొద్దున్న తిండి నేను దగ్గరుండి తినిపిస్తా. సాయంత్రమే డాక్టరుకు అంతా చెప్పేస్తా. ఇకమీదట ఇలా జరగదు. రాసెయ్యమ్మా."

విజిలమ్మ మొదటి గడిలో పెన్ను పెట్టింది.

"నిన్న మధ్యాహ్నం," అంది ఆవిడ.

పెన్ను ఆగింది.

"నిన్న మధ్యాహ్నం వంతెన ఎక్కడం నాకు గుర్తుంది. దిగడం గుర్తు లేదు. తెలివొచ్చేసరికి మార్కెట్ స్టాపులో ఉన్నా. తలుపులు తీసి ఉన్నాయి, జనం దిగుతున్నారు."

"నిన్న బాగానే నడిపావు కదక్కా," అంది విజిలమ్మ. "నేను పక్కనే ఉన్నాను. స్తంభం దగ్గరే ఆపావు."

"అదే భయంగా ఉందే. నేను లేకుండా బండి నడిచింది. దాని నిండా జనం ఉన్నారు."

మేస్త్రికి ఆ వంతెన కళ్ళముందు కనబడింది, దాని కింద నీళ్ళు కనబడ్డాయి, నిన్న పొద్దున మూడో ట్రే మూలలో తను చక్కగా తిప్పి పెట్టిన బన్ను కనబడింది. అంతలో విజిలమ్మ ఫోను మోగింది. తెర మీద డిపో పేరు ఉంది. బండి ఎందుకు ఆగిందో అడగడానికి.

విజిలమ్మ ఫోను వెనక్కి దాచుకుంది. ఆవిడ చెయ్యి చాపింది. మేస్త్రి ఆ మణికట్టు పట్టుకున్నాడు. "నాలుగు రోజులేనే. నాలుగు రోజులు ఆగు," అన్నాడు. తను ఏం అంటున్నాడో తనకే వినబడి, తలెత్తి ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాడు. చేతిలో ఉన్న మణికట్టు ఇప్పుడు వణకడం లేదు. ఇరవై రెండేళ్ళు ఊరినంతా మోసిన చెయ్యి అది. మెల్లగా వేళ్ళు వదిలేశాడు.

ఆవిడ ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. రెండో చేత్తో బస్సు తాళంచెవి తీసి, మేస్త్రి మైదా చేతిలో పెట్టి మూసింది.

"నేనే మాట్లాడుతున్నా సార్," అంది. "బండికేమీ కాలేదు."